జైలు జీవితం రాయడానికి ఏ రూపం? డైరీ, లేఖ, జ్ఞాపకాలు, కథ, కవితల మధ్య ఎంపిక

ఒక చిన్న సాహిత్య పత్రికకు వచ్చే రాతప్రతులు చదవడం, దిద్దడం, అవసరమైతే రచయితతో కూర్చుని మళ్లీ రాయించడం చాలా ఏళ్లుగా నా పని. వాటిలో జైలు గురించిన రాతలు ఏడాదికి నాలుగైదైనా ఉంటాయి. శిక్ష పూర్తిచేసుకుని వచ్చినవారు పంపుతారు. విచారణలోనే ఏళ్లు గడిచిపోయి చివరికి నిర్దోషులుగా బయటపడ్డవారు పంపుతారు. లోపలున్నవారి భార్యలు, పిల్లలు, అక్కడ ఉద్యోగం చేసి విరమించినవారు, జైలు గుమ్మం ఎన్నడూ తొక్కని కథకులు కూడా పంపుతారు. భాష బాగాలేదని తిప్పి పంపినవి తక్కువ. ఎక్కువ భాగం రూపం దగ్గరే దెబ్బతిన్నాయి. నాలుగు పంక్తుల కవితకు సరిపడే అనుభవాన్ని నవలగా సాగదీశారు. ఉన్నదున్నట్టు వదిలేస్తే సరిపోయే డైరీని ఆత్మకథగా దిద్ది, అందులోని ప్రాణం తీసేశారు.

ఒకసారి మూడు వందల పేజీల రాతప్రతి వచ్చింది. రాసినాయన ఆరేళ్లు లోపల ఉన్నారు. అరెస్టు రాత్రి నుంచి విడుదల ఉదయం దాకా వరుసగా చెప్పుకొచ్చారు. నూట పదో పేజీలో ఒక ములాఖత్ ఉంది. ఆరేళ్ల కూతురు వచ్చింది. పన్ను ఊడిందని చూపించడానికి నోరు తెరిచింది. మధ్యలో రెండు వరుసల ఇనుప వల, వెనక మసక వెలుతురు. ఊడిన చోటు తండ్రికి కనిపించలేదు. కనిపించిందని చెప్పారు. అంతే, ఐదారు వాక్యాలు. మిగతా పుస్తకమంతా మరిచిపోయాను కానీ ఆ పన్ను మాత్రం నన్ను వదల్లేదు. ఆయన అనుమతితో ఇక్కడ దాన్నే పట్టుకుని రూపాలను పోల్చి చూస్తాను. ఒకే సంఘటనను వేరువేరు పాత్రల్లో పోసి చూస్తే ఏది కారుతుందో, ఏది నిలుస్తుందో తెలిసిపోతుంది.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. జైలులో పుట్టిన పుస్తకమల్లా జైలు గురించిన పుస్తకం అయిపోదు. నెహ్రూ 1930 నుంచి 1933 వరకు జైళ్ల నుంచి కూతురికి రాసిన 196 లేఖల్లో ఉన్నది ప్రపంచ చరిత్ర. కెన్యా రచయిత గూగీ వా థియాంగో 1978లో కమీతీ జైలులో టాయిలెట్ కాగితం మీద ఒక నవల రాశారు. దాని కథ జైలుది కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ రాసింది ఖైదులోనే అయినా, అందులో నడిచేది ఊరి బతుకు. ఇవన్నీ గోడలను దాటి బయటికి చూసిన రచనలు. మన ప్రశ్న గోడల లోపలి జీవితాన్నే రాయాలనుకున్నవారిది.

ఆ జీవితానికి ముడిసరుకు కాలం. తాళాలు, వార్డర్లు, గంట, వరుసలో నిలబడి లెక్క చెప్పించుకోవడం, వీటన్నిటి పని ఒకటే. మనిషి కాలాన్ని అతని చేతుల్లోంచి తీసేసుకుని ముక్కలు చేసి తిరిగి ఇవ్వడం. ఒక్కో సాహిత్య రూపం కాలాన్ని ఒక్కో తీరుగా పట్టుకుంటుంది. డైరీ ఈ రోజును పట్టుకుంటుంది. లేఖ రాసిన రోజుకూ చదివే రోజుకూ మధ్య ఉన్న ఖాళీని పట్టుకుంటుంది. జ్ఞాపకాలు పదేళ్లను మడతపెడతాయి, కవిత ఒక్క క్షణం దగ్గర ఆగిపోతుంది. మీ దగ్గరున్నది ఏ రకం కాలమో తేల్చుకుంటే రూపం సగం తేలినట్టే.

డైరీ: దిద్దకపోవడమే దాని బలం

ఆ రాతప్రతి రాసినాయన దగ్గర అప్పటి నోటుబుక్కు ఉంది. అడిగి తెప్పించుకుని ఆ రోజు పేజీ తీశాను:

“మంగళవారం. ములాఖత్. పాప వచ్చింది. పై పన్ను ఊడింది. వల అడ్డం, కనిపించలేదు. కనిపించిందన్నాను. సాయంత్రం లెక్క రెండుసార్లు తప్పింది, మళ్లీ నిలబెట్టారు. దోమలు.”

మూడు వందల పేజీల ప్రతిలో లేనిది ఇక్కడ ఉంది. పన్ను పక్కనే దోమలు ఉన్నాయి. కూతురి నోరు కనిపించని బాధకూ సాయంత్రపు లెక్కకూ మధ్య ఒక పేరా విరామం కూడా లేదు. లోపలి రోజు నడిచేది అలాగే. ఏది పెద్ద విషయమో ఏది చిన్నదో డైరీకి ఆ రాత్రికి తెలియదు. రేపు బెయిలు వస్తుందో, మరో ఐదేళ్లు పడుతుందో రాసేవాడికి తెలియదు. ఆ తెలియకపోవడాన్ని తరువాత ఎంత గొప్ప రచయితా తిరిగి సృష్టించలేడు.

దీని లోపాలూ తక్కువేమీ కావు. ఒక పేజీ అద్భుతంగా ఉంటే నలభై పేజీలు ఒకేలా ఉంటాయి. రాసుకున్నవాడికి తెలిసిన పేర్లు, కేసులు, గొడవలు చదివేవాడికి తెలియవు. పైగా డైరీ ఎవరి చేతిలోనైనా పడవచ్చు కాబట్టి రాసేటప్పుడే చాలా విషయాలు దాచి ఉంటారు. దాచినవి ఏవో ఇప్పుడు మీకే గుర్తుండకపోవచ్చు.

మీ దగ్గర అప్పటి నోటుబుక్కు, కాగితాల ముక్కలు ఉంటే వాటికే మొదటి అవకాశం ఇవ్వండి. భాష సరిచేయకండి, ఆగిన వాక్యాన్ని పూర్తిచేయకండి. ఎంపిక మాత్రం నిర్దయగా చేయండి. చెక్ పాత్రికేయుడు యూలియస్ ఫూచిక్ 1943లో ప్రేగ్ నగరంలోని పాంక్రాట్స్ జైలులో చిన్న చిన్న కాగితాల మీద రాసి, ఒక వార్డరు సాయంతో బయటికి పంపారు. అదే ఏడాది ఆయన్ను చంపేశారు. ఆ కాగితాలు ఇన్నేళ్లుగా నిలిచి ఉండటానికి ఒక కారణం, చదివేవాడికి తెలిసిన ముగింపు రాసేవాడికి ఇంకా రాకపోవడం. అయితే డైరీ లేనివారు ఇప్పుడు కూర్చుని డైరీ రూపంలో రాయడాన్ని నేను గట్టిగా వద్దంటాను. తేదీలు వేసినంత మాత్రాన తెలిసిన ముగింపు తెలియకుండా పోదు. ప్రతి పేజీలోనూ అది తొంగి చూస్తుంది, పాఠకుడు పట్టేస్తాడు.

లేఖ: మూడో మనిషి చదువుతాడని తెలిసి రాసేది

ఆ వారమే ఆయన కూతురికి రాసిన ఉత్తరం ఆ అమ్మాయి దాచుకుంది:

“చిట్టితల్లీ, పన్ను ఊడిన చోటు ఎంత బాగుందో! కొత్తది వచ్చేదాకా అలాగే నవ్వుతూ ఉండు. ఇక్కడ నాకు ఏ లోటూ లేదు.”

మూడు వాక్యాల్లో మొదటిది, మూడోది నిజం కాదు. డైరీలో ఆయన తనతో మాట్లాడుకున్నారు. ఇక్కడ పిల్లతో మాట్లాడుతున్నారు, ఆ ఇద్దరి మధ్య కూర్చుని ఉత్తరం విప్పి చదివే అధికారి ఒకడున్నాడు. జైలు లేఖకు ఎప్పుడూ ఇద్దరు పాఠకులు. ఆ రెండో పాఠకుడి కోసం మింగేసిన మాటలే లేఖకు బరువు. విడిగా ఉత్తరం చదివితే మామూలు కుశల ప్రశ్న. డైరీ పేజీ పక్కన పెట్టి చదివితే గొంతు పట్టేస్తుంది.

కాబట్టి లేఖలు ఉన్నవారు వాటిని ఒంటరిగా అచ్చు వేయకండి. రాసినప్పుడు నిజంగా ఏం జరుగుతోందో చెప్పే నాలుగు పంక్తులు పక్కన ఉండాలి. అటువైపు నుంచి వచ్చిన జవాబులు దొరికితే అవీ వేయండి. మన దగ్గర అచ్చయిన జైలు లేఖల్లో చాలాసార్లు లోపలివారి ఉత్తరాలే ఉంటాయి. బయట ఇల్లు నడుపుతూ, కోర్టు వాయిదాలకు తిరుగుతూ జవాబు రాసిన మనిషి కనిపించదు. నాకు ఇది పెద్ద లోటుగా అనిపిస్తుంది.

లేఖకు మరో రకం కూడా ఉంది: పంపే ఆశ లేకపోయినా ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసేది. ఐరిష్ రచయిత ఆస్కార్ వైల్డ్ రెడింగ్ జైలులో 1897 తొలి నెలల్లో తన సన్నిహిత మిత్రుడు ఆల్‌ఫ్రెడ్ డగ్లస్‌ను ఉద్దేశించి చాలా పెద్ద ఉత్తరం రాశారు. జైలు నుంచి దాన్ని పంపనివ్వలేదు, విడుదలైనప్పుడు చేతికి ఇచ్చారు. విశేషమేమిటంటే, అదే జైలు గురించి ఆయన మరుసటి ఏడాదే, 1898లో, ఒక దీర్ఘ గేయాన్ని ప్రచురించారు. రచయిత పేరు ఉండవలసిన చోట తన గది సంఖ్య సి.3.3 వేయించారు. ఉత్తరంలో ఆయన తన పతనాన్నీ, డగ్లస్ చేసిన అన్యాయాన్నీ తవ్వుకుంటారు. గేయంలో తాను పక్కకు జరిగి, అక్కడ ఉరితీయబడిన ఒక సైనికుణ్ణీ, ఆ రాత్రి నిద్రపోని మిగతా ఖైదీలందరినీ ముందుకు తెస్తారు. మనిషి ఒకరే, గోడలూ ఒకటే. రూపం మారేసరికి ‘నేను’ కాస్తా ‘మేము’ అయింది. మీరు చెప్పదలచుకున్నది ఒక మనిషితో మీకున్న లెక్క అయితే లేఖను పట్టుకోండి. అక్కడున్నవాళ్లందరి సంగతి అయితే లేఖ చాలదు.

జ్ఞాపకాలు: ఎక్కువమంది ఎంచుకునేది, ఎక్కువమంది తడబడేది

నాకు వచ్చే రాతల్లో సగానికి పైగా ఇవే. కారణం సులువుగానే ఊహించవచ్చు. బయటికి వచ్చిన మనిషి మొదట కోరుకునేది జరిగింది జరిగినట్టు చెప్పి, ఎవరైనా కూర్చుని వినాలని. ఆ కోరికను నేను గౌరవిస్తాను. అందుకే తడబడే చోట్లు కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది ‘వాళ్లం’ వ్యాధి. “ఉదయం ఆరింటికి గంట కొట్టేవారు, లేచి వరుసలో నిలబడేవాళ్లం, లెక్క అయ్యాక నీళ్ల కోసం పరుగెత్తేవాళ్లం.” అలవాటుగా జరిగేదాన్ని చెప్పడానికి తెలుగులో ఉన్న ఈ క్రియారూపం చాలా హాయిగా ఉంటుంది. రాస్తూ పోతే ఆగదు. జైలు అంటేనే రోజూ అదే జరగడం కాబట్టి రాసేవారు పేజీల తరబడి ఇందులో కూరుకుపోతారు. చదివేవాడికి ఒక్క రోజూ కనబడదు. విరుగుడు ఒకటే: మూడు వాక్యాల ‘వాళ్లం’ తరువాత “ఆ రోజు” అని ఒక రోజును పట్టుకోవాలి. గంట కొట్టినా లేవని మనిషి ఎవరు? ఎందుకు లేవలేదు? అక్కడ రచన మొదలవుతుంది.

రెండోది సర్వనామం. కొన్ని భాషల్లో ఈ ఇబ్బంది లేదు, మనకు తప్పదు. హత్యకేసులో శిక్ష పడిన తోటి ఖైదీని ‘వాడు’ అనాలా, ‘అతను’ అనాలా, ‘ఆయన’ అనాలా? కొట్టిన వార్డరును? రాత్రి జ్వరం వస్తే తడిగుడ్డ వేసిన దొంగను? లోపలికి అడుగుపెట్టిన గంటలోనే మనిషి పేరు వెనకున్న ‘గారు’ ఊడిపోయి ‘ఒరేయ్’ వచ్చి చేరుతుంది. ఆ అవమానాన్ని పేజీల కొద్దీ రాసిన రచయితే, చదువుకున్న రాజకీయ ఖైదీలను ‘ఆయన’ అనీ, జేబుదొంగలను ‘వాడు’ అనీ రాసుకుంటూ పోవడం చూశాను. ఎత్తి చూపితే ఉలిక్కిపడ్డారు. మీ ప్రతిలో ఒక్కసారి ఈ మాటలన్నీ గీతలు గీసి చూసుకోండి. ఎవరిని ఏమన్నారో అదే మీ పుస్తకం తీర్పు.

‘మేము’, ‘మనం’ అనే జంట కూడా ఇలాంటిదే. ‘మేము’ అన్నప్పుడు పాఠకుడు వలకు అవతల ఉన్నాడు. ‘మనం’ అంటే లోపలికి లాక్కొచ్చారు. జైలు జ్ఞాపకాలకు చాలావరకు ‘మేము’ నిజాయితీ గల మాట.

మూడో తడబాటు, వ్యవస్థ మొత్తాన్ని తానే చెప్పాలనుకోవడం. మీరు చూసింది ఒక బ్యారక్, ఒక ఆవరణ, కొందరు మనుషులు. ఆ పరిధిలో మీకంటే తెలిసినవారు లేరు. బ్రిటిష్ మహిళ మేరీ టైలర్ 1970 నుంచి 1975 వరకు భారతదేశంలో విచారణ ఖైదీగా గడిపి, 1977లో ప్రచురించిన పుస్తకంలో తనతో ఉన్న ఆడవాళ్లను, వాళ్ల పిల్లలను దగ్గరగా చూపించారు. చట్టాల మీద ఉపన్యాసం అవసరం పడలేదు. విచారణ లేకుండా గడిచే ఏళ్లు ఎలాంటివో ఆ ఆడవాళ్ల రోజులే చెబుతాయి.

ఇన్ని చిక్కులున్నా జ్ఞాపకాలకు మరే రూపానికీ లేని ఒక శక్తి ఉంది. ఆ పన్ను సంగతినే ఆయనతో మళ్లీ రాయించాను. ఈసారి ఇలా వచ్చింది:

“కనిపించిందని చెప్పాను. పాపకు ఇప్పుడు పంతొమ్మిదేళ్లు. నేను అబద్ధమాడానని ఆ రోజే తెలుసని మొన్న అంది. నాన్నా, ఊడింది కింద పన్ను, నువ్వేమో పైకి చూస్తూ బాగుందన్నావు అంది.”

డైరీలో ‘పై పన్ను’ అని ఉంది కదా. పదమూడేళ్లు ఆయన అదే నమ్మారు. నోటుబుక్కుకు ఈ సంగతి తెలియదు, ఉత్తరానికి తెలిసే వీలే లేదు. కాలం గడిచాకే దొరికే నిజం ఇది. మీ జ్ఞాపకాల్లో ఇలాంటి తిరుగు వెలుగు ఒక్కటైనా ఉంటే ఈ రూపం మీదే. అప్పటి మీరు, ఇప్పటి మీరు ఒకే మాట మాట్లాడుతుంటే మాత్రం ఇంకొంత కాలం ఆగడం మంచిది.

కథ, నవల: వల రెండు వైపులా నిలబడగలిగితే

అదే సంఘటనను కథగా నేను ప్రయత్నించి చూశాను. తండ్రిని వదిలేసి, గోడకు ఆనుకుని నిలబడ్డ వార్డరు దగ్గర మొదలుపెట్టాను:

“గడియారం చూసుకున్నాడు. ఇంకా రెండు నిమిషాలున్నాయి. నోరు తెరిచి నిలబడ్డ పిల్లను చూసి పక్కనున్న బల్బు స్విచ్చి మీద చెయ్యి వేశాడు. పగలు దీపం వేయకూడదు. చెయ్యి తీసేశాడు.”

ఇది జరిగిందో లేదో ఎవరికీ తెలియదు. జరిగి ఉండవచ్చు. కల్పనకు ఉన్న హక్కు అదే. మీకు తెలియనివాడి మనసులోకి వెళ్లే హక్కు. మీ అనుభవం మీ ఒక్కరి కోణంలో ఇరుక్కుపోయిందనిపిస్తే, లేదా నిజం పేర్లతో చెబితే ఎవరికైనా హాని జరుగుతుందనిపిస్తే కథ వైపు రండి. నిజామాబాద్ జైలులో గడిపిన వట్టికోట ఆళ్వారుస్వామి తన రాజకీయ పోరాటం కంటే తోటి ఖైదీల బతుకులనే కథలుగా మలిచారు. మనవాళ్లు కథ రాయబోయేముందు ఆ ఎంపికను గమనించాలి.

కల్పన వెనక దాక్కోవచ్చనుకుంటే మాత్రం పొరపాటు. దోస్తోయెవ్‌స్కీ రాజకీయ నేరం కింద సైబీరియాలోని ఓమ్‌స్క్‌లో నాలుగేళ్లు కఠిన శిక్ష అనుభవించారు. ఆ అనుభవాన్ని రాసేటప్పుడు, భార్యను చంపి వచ్చిన ఒక ఖైదీ రాసుకున్న కాగితాలుగా నవలను మలిచారు. ఏళ్ల తరువాత కూడా ఆయనే భార్యను చంపి జైలుకు వెళ్లాడని నమ్మినవారు ఉన్నారు. కల్పిత కథకుణ్ణి పెట్టుకుంటే అతని నేరం మీ మెడకు చుట్టుకోవచ్చు. అందుకు సిద్ధపడే రాయాలి.

కథకూ నవలకూ మధ్య ఎంచుకోవలసి వస్తే, జైలు విషయంలో నా మొగ్గు చిన్నదాని వైపు. పెద్ద నవలకు మలుపులు కావాలి, మలుపులు లేకపోవడమే లోపలి జీవితం. పారిపోయే ప్రయత్నాలు, ముఠా కొట్లాటలు తెచ్చి అతికిస్తే జైలు పోయి సినిమా మిగులుతుంది. రష్యన్ రచయిత సోల్జెనిత్సిన్ ఈ చిక్కును ఎలా విప్పారో చూడండి. 1962లో అచ్చయిన ఆయన చిన్న నవలలో ఉన్నది సోవియట్ శ్రమ శిబిరంలో ఒక్క రోజు, అదీ మరీ ఘోరమైనదేమీ కాదు, దాదాపు కలిసొచ్చిన రోజు. ముఖ్య పాత్ర తనలాంటి చదువుకున్న అధికారి కాదు, గోడ కట్టే ఒక రైతు. చివర ఆ శిక్షలో ఇలాంటి రోజులు 3,653 ఉన్నాయనీ, లీపు సంవత్సరాల వల్ల మూడు రోజులు అదనంగా వచ్చాయనీ లెక్క చెబుతారు. ఒక్క రోజు చెప్పి పదేళ్లు మోయించారు. నవల రాయాలనుకునే ప్రతివారికీ నేను అడిగే మొదటి ప్రశ్న: మీ ఒక్క రోజు ఏది?

కవిత: కాగితం లేనప్పుడు, ఒక్క క్షణమే ఉన్నప్పుడు

జైలుకూ కవితకూ బంధం కాగితం కొరత వల్ల మొదలైంది. వచనం రాయాలంటే కాగితాలు కావాలి, పద్యానికి తల ఉంటే చాలు. దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. రష్యన్ కవయిత్రి ఇరీనా రతుషిన్‌స్కయా 1980లలో శిబిరంలో అగ్గిపుల్లతో సబ్బు మీద కవిత చెక్కి, నోటికి వచ్చాక కడిగేసేవారు. ఛందస్సు, ప్రాస అక్కడ అలంకారాలు కావు, గుర్తుంచుకోవడానికి పట్టుకొమ్మలు.

గోడలూ సంకెళ్లూ వర్ణిస్తేనే జైలు కవిత అవుతుందనుకోవద్దు. గోల్కొండ చెరలో పడిన రామదాసు పాడిన కీర్తనల్లో ఒకదాన్ని తలచుకోండి. సీతమ్మకు ఏ నగ చేయించాడో, దానికి ఎంత ఖర్చయిందో, ఎవరెవరికి ఏమేమి పెట్టాడో దేవుడికే లెక్క అప్పజెబుతాడు, నిలదీస్తాడు, వెంటనే దెబ్బలకు ఓర్వలేక తిట్టానని వేడుకుంటాడు. చీకటి గది గురించి వర్ణన లేదు. గది మొత్తం ఆ గొంతులో ఉంది.

పన్ను సంగతి కవితలో ఇంతే అవుతుంది:

నోరు తెరిచి చూపించింది
వలకు వేయి కన్నాలు
ఒక్క కన్నంలోంచీ
ఆ చిన్న ఖాళీ కనిపించలేదు

వార్డరు లేడు, లెక్క లేదు, దోమలు లేవు. పదమూడేళ్ల తరువాతి మాట లేదు. పోయినవి చాలా ఉన్నాయి. మీ దగ్గర నిజంగా ఉన్నది ఇలాంటి నాలుగైదు క్షణాలే అయితే, వాటి చుట్టూ మూడు వందల పేజీలు కట్టకండి. స్వేచ్ఛ, చీకటి, పంజరం, పక్షి అనే మాటలు లేకుండా రాయగలిగితే ఆ కవితలను ఒక చిన్న సంపుటిగా తెండి.

లోపల లేనివారి సంగతి

గేటు బయట నిలబడినవారు తమకు రాసే అర్హత లేదనుకుంటారు. రష్యన్ కవయిత్రి అన్నా అఖ్మతోవా ఖైదులో ఉన్న కొడుకు కోసం లెనిన్‌గ్రాడ్ జైలు ముందు 17 నెలలు వరుసల్లో నిలబడ్డారు. “దీన్ని మీరు వర్ణించగలరా?” అని వరుసలోని ఒక స్త్రీ చెవిలో అడిగితే, వర్ణించగలను అన్నారు. అలా రాసిన కవితను చాలాకాలం కాగితం మీద ఉంచలేక, నమ్మకమైన స్నేహితుల చేత కంఠస్థం చేయించి కాపాడుకున్నారు. సంచి తనిఖీ, చీటీ మీద పేరు, వెనక్కి తిప్పి పంపడం, బస్సులో తిరుగు ప్రయాణం, ఇవన్నీ జైలు జీవితమే. మన భాషలో ఇది ఇంకా చాలా తక్కువగా రాయబడిన భాగం. భార్యలు, తల్లులు, పిల్లలు రాయవలసిన పుస్తకాలు ఇవి. వారికి నా సలహా మొదట డైరీ, తరువాత జ్ఞాపకాలు.

ఉద్యోగులకు జ్ఞాపకాలు బాగా నప్పుతాయి, తాము చేసినదాన్ని కూడా రాసే ధైర్యం ఉంటేనే. పాత్రికేయులకు రెండు దారులున్నాయి. ఒకటి పలువురి సాక్ష్యాలు సేకరించడం: సోల్జెనిత్సిన్ శిబిరాల చరిత్రకు 227 మంది చెప్పినవి ఆధారం. రెండోది లోపలికి వెళ్లే ఉద్యోగం చేయడం: టెడ్ కోనోవర్ అమెరికాలోని సింగ్ సింగ్ జైలులో కాపలాదారుగా పనిచేసి 2000లో పుస్తకం తెచ్చారు. రెండింటికీ ఏళ్లు పడుతుంది. ఏ సంబంధమూ లేని కథకులు జైలు మీద రాయదలిస్తే జైలు గేటు దాకా, కోర్టు వరండా దాకా ఆగడం మేలు. అంతవరకు ఎవరైనా వెళ్లి చూడవచ్చు. చూడని బ్యారక్‌ను సినిమాల నుంచి తెచ్చుకోవడం కంటే చూసిన వరండా వెయ్యి రెట్లు బలమైనది.

అచ్చుకు ముందు

ఏ రూపమైనా ఒక జాగ్రత్త తప్పదు. మీ కేసు ఇంకా నడుస్తుంటే న్యాయవాదికి చూపించకుండా ఒక్క పేజీ కూడా బయట పెట్టకండి. డైరీ, లేఖ ఈ విషయంలో మరీ ప్రమాదకరం, రాసిన తేదీ కూడా సాక్ష్యమవుతుంది. తోటి ఖైదీ చెప్పుకున్న కథ అతనిదే. వాడుకోవాలంటే అడగండి. అడిగే వీలు లేకపోతే పేరుతో పాటు గుర్తుపట్టగల వివరాలు కూడా మార్చండి. మీ వల్ల నష్టపోయినవారు ఎవరైనా ఉంటే, వారూ ఈ పుస్తకం తెరుస్తారని తలచుకుని రాయండి.

ఇంకా తేల్చుకోలేకపోతే ఇలా చేయండి. మీకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తుకొచ్చే ఒక్క సంఘటన తీసుకోండి. పెద్దదే అయి ఉండనక్కరలేదు. దాన్ని మూడు రూపాల్లో, ఒక్కో పేజీ చొప్పున, మూడు వేర్వేరు రోజుల్లో రాయండి. లోపల ఎప్పుడూ లేని ఒకరికి మూడూ ఇచ్చి చదవమనండి. ఏది బాగుందని అడగకండి. ఏది చదివాక వాళ్లు మిమ్మల్ని ప్రశ్నలు వేశారో చూడండి. ఆ రూపంతో మొదలుపెట్టండి.

పన్ను సంగతి రాసినాయన ఇదే చేశారు. చదివింది కూతురే. ఇప్పుడు పుస్తకంలో నోటుబుక్కు పేజీలు ఉన్నవి ఉన్నట్టు పైన ఉంటున్నాయి, వాటి కింద ఆ అమ్మాయి చెప్పినవి, ఆయనకు ఇప్పుడు తోచినవి చేరుతున్నాయి. మూడు వందల పేజీలు తొంభైకి వచ్చాయి. ఆ మంగళవారం పేజీలో ‘పై పన్ను’ అన్న మాట అలాగే ఉంది. దిద్దవద్దని కూతురే అంది.